వరి కోయకముందే చల్లే మినుము

కార్తీకం వెళ్లేసరికి మా చేను పండుబారుతుంది. కోతకు మూడు రోజులుందనగా మా మామయ్య గట్టు మీద చెప్పులు విప్పేసి చేలోకి దిగి, మడమతో నేల నొక్కి చూస్తాడు. మడమ దిగాలి. దిగిన చోట నీళ్లు ఊరకూడదు. నీళ్లు ఊరితే చల్లిన గింజ కుళ్లిపోతుంది, మడమ దిగకపోతే గింజ మొలవదు. ఈ రెంటికీ మధ్యనుండే మెత్తదనాన్ని మా పొన్నూరు వైపు మైనం పదును అంటారు.

“ఇయ్యాల చల్లకపోతే ఎల్లుండికి ఆరిపోద్దిరా అబ్బాయి. ఆ గంప ఇట్టా పట్రా” అంటాడు మామయ్య.

నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతాం. ఎకరానికి 16 కిలోలు. దున్నేది లేదు, దమ్ము చేసేది లేదు. గింజ వరి మొదళ్ల మధ్య తడి మీద పడుతుంది. మూడోనాడు వరి కోసి, పనలు అక్కడే పరుస్తాం. నాలుగైదు రోజులకు పన ఎత్తి చూస్తే కింద పాలిపోయిన మొలకలు వంగి కనిపిస్తాయి. ఎండ తగిలిన రెండు రోజుల్లో పచ్చబడి నిటారుగా నిలబడతాయి. ఆపైన వాటికి దిక్కు వరి విడిచిన తడి, తెల్లవారుజామున కురిసే మంచు. సంక్రాంతి నాటికి పూతా కాతా, 75–80 రోజులకు పంట.

నేను 30 ఏళ్లు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక పొన్నూరు దగ్గర మా ఊళ్లోనే ఎకరన్నర చేసుకుంటున్నాను. భూమి, నీరు పాడుకాకుండా అందరికీ తిండి పెట్టడం ఎలాగని ఇవాళ ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయి. మనుషుల వల్ల గాలిలో చేరే, వేడిని పట్టి ఉంచే వాయువుల్లో దాదాపు మూడో వంతు తిండి వల్లే అని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. పొలం దున్నడం దగ్గర్నుంచి విస్తట్లో వదిలేసే మెతుకు దాకా అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఆ పరిశోధనలు నాకు చేతనైనంత చదివాను. చదివిన కొద్దీ మళ్లీ మళ్లీ మా మామయ్య మడమ దగ్గరికే వచ్చాను. రెండు పంటల మధ్య ఆ కొద్ది రోజుల పదును కాపాడుకోగలిగితే మన డెల్టాలో తిండి సమస్య సగం తీరుతుందని నా నమ్మకం.

వేరు బుడిపెలో ఎరుపు

బడిలో ఉన్నప్పుడు ఏటా జనవరిలో పిల్లల్ని పొలానికి తీసుకెళ్లేవాణ్ణి. ఒక మినుము మొక్కను మట్టిగడ్డతో సహా పెల్లగించి, బోదెలో మెల్లగా కడిగితే వేళ్ల మీద ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమి చూపించేవాణ్ణి. లోపల గులాబీ ఎరుపు. మన నెత్తురుకు రంగునిచ్చే పదార్థానికి దగ్గర చుట్టం ఆ ఎరుపులో ఉంది. బుడిపెలో రైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురం ఉండి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటాయి. లోపల ఎరుపు ఉంటే పని జరుగుతున్నట్టు.

అదే నత్రజనిని యూరియాగా చేయాలంటే ఫ్యాక్టరీలో సహజవాయువు కావాలి, ఎంతో వేడి, ఎంతో ఒత్తిడి కావాలి. మినుము వేరు ఆ పని మంచు తాగి చేస్తుంది. ఐక్యరాజ్యసమితి 2016ను అంతర్జాతీయ పప్పుధాన్యాల సంవత్సరంగా జరిపిందంటే కారణం ఇదే. పప్పుజాతి పైరు మనిషికి మాంసకృత్తులిస్తుంది, నేలకు బలమిస్తుంది.

జపాన్ రైతు మసనోబు ఫుకువోకా దున్నకుండా, నిలబడి ఉన్న వరిలోనే తర్వాతి పంట విత్తనం చల్లి సేద్యం చేశాడు. 1988లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’ తెలుగులో చదువుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మా తాతల చేతికి ఆ చల్లకం కొత్త కాదు. మినుము వేయని చేలో జనుమో పిల్లిపెసరో చల్లేవారు. పశువులకు మేత, నేలకు ఎరువు. వరి పోయాక నేల బోసిగా ఉండటం వాళ్లకు నచ్చేది కాదు.

పదును ఎందుకు తప్పింది

మరి అంత మంచి పంట ఎందుకు తగ్గింది? మొదటి దెబ్బ పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. ఆకు పసుపు బారిందంటే ఇక కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండోది బంగారు తీగ. చూడ్డానికి పసుపు దారాల్లా అందంగా ఉంటుంది, మినుము మీద అల్లుకుని రసమంతా పీల్చేస్తుంది.

మూడోది కోత యంత్రం. కూలీలు దొరక్క అందరం దానివైపు వెళ్లాం. ఆ బరువుకు నేల గట్టిగా ఉండాలి, మినుముకేమో మెత్తగా ఉండాలి. ఒక ఏడు నేను మినుము చల్లాక యంత్రం దింపాను. చక్రాలు తిరిగిన మేర మొలకలు బురదలోకి అణిగిపోయాయి. మర్నాడు చూస్తే పొలం నిండా చారలు. మామయ్య ఏమీ అనలేదు. ఆ చారల వెంట నడిచి, మొలక మిగిలిన చోటల్లా ఆగి చూశాడు.

నాలుగోది కాలం. కాలవ నీళ్లు ఆలస్యమైతే నాట్లు, కోత, మినుము అన్నీ వెనక్కి జరుగుతాయి. ఆపైన తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. ఆ యేడు మా చేలో మినుము మాటే లేదు.

దాంతో చాలామంది మొక్కజొన్నకు, జొన్నకు మారారు. వరి కోశాక దున్నకుండా కర్రతో గుంట పొడిచి గింజ వేసే పద్ధతి అది. దిగుబడి బాగుంటుంది, దుక్కి ఖర్చూ ఉండదు. వేసిన రైతును నేను తప్పుపట్టను. అయితే వరి మీద మళ్లీ గడ్డిజాతి పైరే వేస్తే నేలలోంచి తీసుకోవడమే గాని తిరిగి ఇచ్చేది లేదు. యూరియా బస్తాలు పెరుగుతాయి, తడులు కావాలి. మరోవైపు మన దేశం మినుముల కోసం మయన్మార్ వైపు చూస్తోంది. మాగాణి మినుముకు పేరుపడ్డ సీమలో ఉంటూ ఓడ మీద వచ్చిన గింజతో ఇడ్లీ పిండి రుబ్బుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇరవై రోజుల లెక్క

ఇక్కడే పరిశోధన అక్కరకొస్తుంది. అది మనకు దూరంగానూ లేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. మనం బీపీటీ అని పిలిచే సాంబమసూరి, బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో రైతుల చేతికొచ్చింది. నిడుబ్రోలులో పుట్టిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలో ఉంది. మాగాణి మినుము రకాలకు లాం పెట్టింది పేరు. పల్లాకును తట్టుకునే రకాల్లో తిరుపతి నుంచి వచ్చిన టీబీజీ 104 ఇప్పుడు రైతులకు బాగా తెలుసు.

సాంబమసూరి అన్నానికి సాటి లేదు. చిక్కల్లా దాని పంటకాలం. ఐదు నెలలకు కాస్త తక్కువ. అన్నాళ్లు చేలో ఉంటే మినుముకు పదును మిగలడం కష్టం. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఇదే సాంబమసూరిలో ఒక జన్యువును సవరించి ‘కమల’ అనే రకం తయారుచేసింది. దాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. బయటి జన్యువును తెచ్చి చేర్చలేదు, ఉన్నదాన్నే దిద్దారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట 20 రోజులు ముందే చేతికొస్తుందని సంస్థ చెప్పింది. నేను చూసిన పత్రికలు 19 శాతాన్ని పెద్దక్షరాల్లో వేశాయి. నా కళ్లు 20 రోజుల దగ్గర ఆగిపోయాయి. నవంబరులో మాకు 20 రోజులంటే మినుము పంట ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా. ఆ రకం మా నల్లరేగడిలో నిలబడి చూపించాలి. బీపీటీ గింజను దాచుకున్నట్టే దాన్నీ రైతు గాదెలో దాచుకుని మళ్లీ విత్తుకోగలగాలి. ఈ రెండూ జరిగితే నేను మొదటి వరసలో ఉంటాను.

కొత్త విత్తనం రాకముందే చేయగలిగిన పనులూ ఉన్నాయి. మా వైపు చాలామంది నారు పోయకుండా వెద వరి వేస్తున్నారు. నాటు వరి కన్నా వారం పది రోజులు ముందే కోతకొస్తుంది.

నీటి సంగతీ అంతే. చేలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటే బురదలో గాలి ఆడదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో రంధ్రాలు పెట్టి చేలో పాతితే లోపల నీటిమట్టం కనిపిస్తుంది. అది నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి అప్పుడు తడిపితే చాలు, పూత సమయంలో మాత్రం నీళ్లు నిలపాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన ఈ పద్ధతితో నీరు 30 శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. కాలవ నీళ్లు వంతుల వారీగా వచ్చే మాకు ఇది కష్టమైన పని కాదు.

గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం కూడా నేల బోసిగా ఉండకూడదనే చెబుతుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించి, ఏడాది పొడుగునా నేల మీద పచ్చదనం ఉంచమంటారు. ఆ కృషికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది. మా తాత జనుము చల్లింది కూడా ఇందుకే.

మన వంతు

తినేవాళ్లం కూడా ఇందులో ఉన్నాం. కొట్లో మినపగుళ్లు కొనేటప్పుడు ఎక్కడివని అడగండి. పొట్టు మినపప్పు ఇంట్లోకి మళ్లీ తెచ్చుకోండి. మినుముకు గిట్టుబాటు ధర దొరికితేనే రైతు ఆ పదును కోసం కాచుకుంటాడు. పరిశోధకులకూ ఒక మనవి. ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్కతో పాటు, తర్వాతి పైరుకు ఎన్ని రోజులు మిగిల్చారన్న లెక్క కూడా చెప్పండి.

పోయినేడు నేనూ మామయ్యా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎకరం యంత్రంతో, అరెకరం కొడవలితో. ఆ అరెకరంలో 8 కిలోలు చల్లాం. కూలి ఖర్చు ఎక్కువే అయింది. మాఘంలో పంట వచ్చింది. అమ్మింది అమ్మి, ఇంటికి ఉంచుకున్నది ఉంచుకుని, మళ్లీ 8 కిలోలు విత్తనానికి తీశాం. అత్తయ్య వాటిని బాగా ఎండబెట్టి కుండలో పోసి, వేపాకు వేసి, పైన ఇసుక పరిచి మూత పెట్టింది. ఆ కుండ మా వంటింటి అటక మీద ఉంది, వచ్చే కార్తీకం దాకా.