ల్యాప్‌టాప్ రిపేరుకు ఇచ్చే ముందు

ల్యాప్‌టాప్‌ను సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేటప్పుడు జాబ్ షీటు మీద మనతో సంతకం పెట్టించుకుంటారు. చాలా షీట్లలో చిన్న అక్షరాలతో ఒక షరతు ఉంటుంది: లోపల ఉన్న డేటాకు బాధ్యత వినియోగదారుడిదే. అది ఎవరూ చదవరు. పాడైంది కీబోర్డే కదా, ఫైళ్లకేమవుతుందిలే అనుకుంటాం.

కానీ విప్పి చూశాక లోపం ఇంకోచోట ఉందని తేలవచ్చు. విండోస్ మళ్లీ ఎక్కించాలంటే సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసే అవకాశం ఎక్కువ. వారంటీలో డిస్క్ మారిస్తే పాతది సాధారణంగా కంపెనీకి వెళ్లిపోతుంది, మనకు ఇవ్వరు. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండేవి ఎస్‌ఎస్‌డీలు. పాత హార్డ్ డిస్క్‌లో చెరిగిపోయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతవరకు రాబట్టుకునేవాళ్లం. ఎస్‌ఎస్‌డీ అయితే చెరిపేసిన చోటును తనంతట తానే శుభ్రం చేసేసుకుంటుంది. ఆ తర్వాత డబ్బు పెట్టినా ఫైళ్లు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు, బాబు నెల రోజులు కూర్చుని చేసిన ప్రాజెక్టు ఆ డిస్క్‌లోనే ఉంటే, వాటిని కాపాడుకోవాల్సింది రిపేరుకు ఇవ్వకముందే.

ఏవి కాపీ చేయాలి?

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. వాట్సాప్ వెబ్ నుంచి దించుకున్న ఫోటోలు, ఫీజు రసీదులు, హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు అన్నీ అక్కడే పోగుపడి ఉంటాయి. పిల్లలు స్క్రాచ్‌లో చేసిన ప్రాజెక్టులు కూడా మామూలుగా అందులోనే సేవ్ అవుతాయి. ఒక్కొక్కటీ వెతకడం కంటే సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో మీ పేరుతో, పిల్లల పేరుతో ఉన్న ఫోల్డర్లను చూస్తూ కాపీ చేసుకోవడం మేలు. డీ డ్రైవ్ ఉంటే అదీ చూడండి.

వ్యాపారం ఉన్నవారు టాలీ లెక్కలను టాలీలోనే డేటా మెనూకి వెళ్లి, బ్యాకప్ అన్నది ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డులు మీ గూగుల్ ఖాతాకు సింక్ అయ్యాయో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. మీ వాడు మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంటే వాడినీ ఒక మాట అడగండి. వాడు కట్టుకున్న ప్రపంచాలు మనకు కనబడని యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. అవి పోతే మనకు పెద్దగా అనిపించదు కానీ, వాడికి మాత్రం రెండు రోజులు అన్నం సహించదు.

ఎక్కడికి కాపీ చేయాలి?

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంటే అదే నయం. పెన్‌డ్రైవ్‌తో ఒక చిక్కుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీకి మించిన ఫైలు అందులోకి ఎక్కదు. యాన్యువల్ డే వీడియో దగ్గర చాలామందికి ఇదే ఎదురవుతుంది. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే సరి. ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు దాన్ని ఖాళీ చేసుకోండి. సమయం కూడా చేతిలో ఉంచుకోండి. పాత యూఎస్‌బీ 2 పోర్టులో 100 జీబీ ఎక్కడానికి దాదాపు గంట పడుతుంది. ల్యాప్‌టాప్‌కు నీలం రంగు పోర్టు ఉంటే, డిస్క్ కూడా యూఎస్‌బీ 3దే అయితే, అందులో పెట్టండి, చాలా త్వరగా అవుతుంది.

క్లౌడ్ అయితే గూగుల్ ఖాతాలో ఉచితంగా 15 జీబీ వస్తుంది, జీమెయిల్, ఫోటోలు కూడా కలిపి. వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. ‘వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా, ఇంకేం భయం’ అనుకోవద్దు. అది చేసేది సింక్. ల్యాప్‌టాప్‌లో ఎవరైనా ఒక ఫైలు తీసేస్తే క్లౌడ్‌లోనూ అది తొలగిపోతుంది. రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది, తర్వాత అక్కడా ఉండదు. అందుకే విడిగా ఒక కాపీ ఉండాలి.

కట్ వద్దు, కాపీయే చేయండి. మధ్యలో కేబుల్ ఊడినా అసలు ఫైలు భద్రంగా ఉంటుంది. అయ్యాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, వేర్వేరు ఫోల్డర్ల నుంచి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. పేర్లు కనబడినంత మాత్రాన ఫైళ్లు బాగున్నట్టు కాదు.

48 అంకెల కీ

ఈ సంగతి చాలామందికి ల్యాప్‌టాప్ తిరిగి వచ్చాకే తెలుస్తుంది. విండోస్ 10, 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే మనకు పెద్దగా చెప్పకుండానే డిస్క్‌కు తాళం వేసేస్తాయి. దొంగ చేతికి చిక్కినా ఫైళ్లు చదవలేకుండా చేసే మంచి ఏర్పాటే అది. అయితే మదర్‌బోర్డు మార్చితే తన యజమానిని గుర్తుపట్టలేక, ఆన్ చేయగానే నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగున్నా ఫైళ్లు దక్కవు. టెక్నీషియన్ కూడా ఏమీ చేయలేడు. ఇవ్వకముందే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, అందులో డివైసెస్ దగ్గర ఆ కీ చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. కొన్నప్పుడు దుకాణం అబ్బాయి తన మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చి ఉంటే కీ అతని ఖాతాలో ఉండవచ్చు. మీ ల్యాప్‌టాప్ ఏ ఖాతాతో నడుస్తోందో ఈ రోజే చూసుకోండి.

ఎవరి కళ్ల ముందు ఏముంది?

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్న లోపం ఉన్న ల్యాప్‌టాప్‌లను 16 రిపేరు కేంద్రాలకు ఇచ్చి చూశారు. 6 చోట్ల సిబ్బంది వ్యక్తిగత ఫైళ్లు తెరిచి చూశారు, 2 చోట్ల బయటికి కాపీ చేసుకున్నారు. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మన ఊళ్లో నమ్మకంగా పనిచేసేవారు ఎందరో ఉన్నారు, వారిని అనుమానించమని కాదు. కానీ ఆడపిల్లల ఫోటోలు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న ల్యాప్‌టాప్‌ను పాస్‌వర్డుతో సహా అప్పగించడం సరికాదు. బ్యాటరీ, కీబోర్డు, స్క్రీన్ మార్చడానికి సాధారణంగా పాస్‌వర్డు అవసరం ఉండదు. అడిగితే ‘ఎందుకు కావాలండీ?’ అని అడగండి, లేదా మీరే వెళ్లి టైప్ చేయండి. బ్యాకప్ బాగుందని చూసుకున్నాక వన్‌డ్రైవ్ నుంచి, గూగుల్ ఖాతా నుంచి సైన్ అవుట్ చేసి, ఆ తర్వాతే ఇలాంటి ఫైళ్లను ల్యాప్‌టాప్ నుంచి తీసేయండి.

అసలు ఆన్ కాకపోతే?

స్క్రీన్ మాత్రమే పోయి లోపల ఫ్యాన్ తిరుగుతుంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలపండి. బొమ్మ టీవీ మీద వస్తే అక్కడే కూర్చుని కాపీ చేసుకోవచ్చు. పూర్తిగా ఆన్ కాకపోతే ఎస్‌ఎస్‌డీని బయటికి తీసి, విడి కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌లో చదవవచ్చు. ఆ పని మీ ఎదురుగా చేయమనండి, బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకోండి. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి. వాటికి బోర్డు మార్చితే ఫైళ్లూ దానితోనే పోతాయి. అందువల్ల ‘బోర్డు మార్చేస్తాం’ అని ఫోన్ వస్తే, సరే అనే ముందు డేటా సంగతి అడిగి, జాబ్ షీటు మీద రాయించండి.

తిరిగి తెచ్చుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఆన్ చేసి, ఉంచిన ఫోల్డర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటికి రాగానే బ్యాకప్ డిస్క్‌ను ఖాళీ చేయకండి. ఒక నెల అలాగే బీరువాలో ఉండనివ్వండి, రిపేరు చేసిన యంత్రం మళ్లీ మొరాయిస్తే ఆ కాపీయే దిక్కు.