మే నెల జపమాల
అమీర్‌పేటలో బడులకు సెలవులివ్వగానే మా జ్ఞానోపదేశం తరగతి కూడా ఆగిపోతుంది. పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు వెళ్తారు. కోచింగ్ కోసం హాస్టళ్లలో దిగే అమ్మాయిలు మాత్రం వస్తూనే ఉంటారు. ఉపదేశిగా నాకు అసలు పని అప్పుడే.

కతోలిక సంప్రదాయంలో మే మరియమాత నెల, జూన్ యేసు తిరుహృదయం నెల. ఈస్టరు నుంచి లెక్కపెడితే 50వ రోజున వచ్చే పెంతెకోస్తు కూడా ఈ రెండు నెలల్లోనే. మే 31 మరియమ్మ గర్భవతి అయిన ఎలిజబెతమ్మను చూడబోయిన పండుగ. ప్రయాణంలోనూ సేవ చేయొచ్చని పిల్లలకు ఆ కథే చెబుతాను.

మే సాయంత్రాలు అమీర్‌పేట, పంజాగుట్టల్లో రోజుకొకరి ఇంట్లో జపమాల. ఐదు రహస్యాలు ధ్యానించాక అందరికీ చల్లటి మజ్జిగ. తీరిక దొరికితే హాస్టల్ అమ్మాయిలను మెట్రోలో సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కు తీసుకెళ్తాను. 1850లో కట్టిన ఆ గుడి 2008లో బసిలికా అయింది.

ఊరెళ్లినా ఆదివారం పూజ మానకూడదన్నది తిరుసభ నియమం. టికెట్ తీసుకున్నప్పుడే అక్కడి విచారణలో పూజ వేళ కనుక్కోండి. ఊళ్లోనే ఉంటే, పక్క హాస్టల్‌లో కొత్తగా దిగిన బిడ్డను మీ ఇంటి జపమాలకు పిలవండి.