పదహారు గదులు, ఐదు చింతగింజలు

అరుగు మీద సుద్దముక్కతో ఒక పెద్ద చక్రం గీసి, గడియారంలో అంకెలున్నట్టు చుట్టూ పదహారు గదులు చేయాలి. చేతిలో ఐదు చింతగింజలు ఉంటే చాలు. గింజ ఉన్న గది దగ్గర ఒక చప్పట, గింజ లేని గది దగ్గర మౌనం. వేలు గదుల మీదుగా ఒకే నడకతో తిరుగుతూ ఉంటే ఒక దరువు పుడుతుంది. గింజల చోటు మారిస్తే ఇంకో దరువు. సరంజామా ఇంతే. ఇంత చిన్న సరంజామాతో హవానా వీధుల నుంచి ఘనా పల్లెల దాకా వెళ్లి రావచ్చు.

పదహారు గదుల్లో ఐదు గింజల్ని ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? లెక్క వేస్తే 4368. చక్రాన్ని తిప్పితే ఒకటైపోయేవన్నీ ఒకే దరువు కింద జమ కట్టినా 273 మిగులుతాయి. ఇన్నింటిలో ఆఫ్రికా, క్యూబా, బ్రెజిల్ సంగీతాలు తమకు వెన్నెముకగా పెట్టుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దెబ్బలు అన్నింటిలోనూ ఐదే. తేడా అంతా ఆ దెబ్బల మధ్య మిగిలిన ఖాళీలను ఎవరు ఎలా పంచుకున్నారన్న దాంట్లోనే ఉంది.

ముందుగా 1, 4, 7, 11, 13 గదుల్లో గింజలు పెట్టి చూడాలి. ఇది క్యూబా దేశపు 'సోన్' సంగీతానికి ఆయువుపట్టు. మృదంగం నేర్చుకునే పిల్లల నోట ఆడే జతుల్లో చెప్పుకుంటే మరీ తేలిక: తకిట తకిట తకధిమి తక తకధిమి. ఒక్కో మాటలో మొదటి అక్షరం మీద చప్పట పడాలి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, కలిపితే పదహారు. క్యూబాలో దీన్ని 'క్లావే' అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు కీలకం అని అర్థం. దాన్ని వాయించే కర్రల జతకూ అదే పేరు. చేవదేరిన కలపతో చేసిన, జానెడు పొడవున్న రెండు గుండ్రటి కర్రలు అవి. ఒకదాన్ని ఎడమచేతిలో వేళ్ల మీద వదులుగా ఆనించి, కింద అరచేతిని దొప్పలా ఉంచి, రెండోదానితో కొడతారు. దొప్పలోని గాలి కర్ర చప్పుడుకు తోడై ఖణేల్‌మంటుంది. అదే కర్రను గుప్పిట బిగించి పట్టుకుంటే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. పాడేవారు, డోళ్లు కొట్టేవారు, గిటార్ మీటేవారు అందరూ తమ వాయింపును ఈ ఐదు దెబ్బలతో సరిచూసుకుంటారు. 1955లో అమెరికాలో బో డిడ్లీ తన పేరుతోనే విడుదల చేసిన పాటలో వినిపించే దరువు దీనికి అచ్చంగా తోబుట్టువు. రాక్ సంగీతంలో అది ఆయన పేరుతోనే స్థిరపడిపోయింది.

ఇక అసలు వేడుక. ఆ ఐదు గింజల్లో నాలుగింటిని కదపకుండా, ఒక్కదాన్ని మాత్రం జరపాలి.

చివరి గింజను 13 నుంచి 14కు జరిపితే తకిట తకిట తకధిమి తకిట తకిట. బ్రెజిల్‌లో 1950ల చివర రియో నగరంలో పుట్టిన బోసా నోవా ఇది. ఇంకొక్క గది ముందుకు, 15కు తోస్తే తకిట తకిట తకధిమి తకధిమి తక. ఘనాలో ఎవే ప్రజలు ఆడే గహూ నృత్యంలో గంట మీద మోగే వరుస ఇదే. ఆ గింజనే వెనక్కి, 12కు లాగితే నాలుగో, ఐదో చప్పట్లు ఒకదాని వెంట ఒకటి తోసుకొచ్చి, ఆ తర్వాత ఐదు గదుల దూరం వస్తుంది. కాంగో దేశాల సూకూస్ సంగీతం ఆ మెలికతోనే నడుస్తుంది. చివరి గింజను దాని చోట ఉంచి మూడోదాన్ని 7 నుంచి 8కి జరిపితే క్యూబా వారి రుంబా. రెండోదాన్ని 4 నుంచి 5కు జరిపితే పశ్చిమ ఆఫ్రికాలో షికో అని పిలిచే దరువు: తకధిమి తక తకధిమి తక తకధిమి. సోన్ నుంచి మిగతా ఐదింటిలో దేనికైనా దూరం ఒక్క గింజ. బానిసలుగా ఓడల్లో అట్లాంటిక్ దాటిన ఆఫ్రికా ప్రజల వెంట ఆస్తిపాస్తులు రాలేదు, దేవుళ్లూ దరువులూ వచ్చాయి. ఈ ఆరూ ఇంత దగ్గరగా ఉండటం వెనక ఆ చరిత్ర ఉంది.

చప్పట్లు ఒక్కటే వింటే మాత్రం వీటి రుచి సగమే తెలుస్తుంది. కింద కాలు పడాలి. 1, 5, 9, 13 గదుల దగ్గర పాదంతో నేలను తాకుతూ, పైన చేతులతో దరువు వేస్తే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. షికోలో కాలూ చెయ్యీ మూడుసార్లు కలుస్తాయి. సోన్‌లో, రుంబాలో రెండుసార్లు కలుస్తాయి. బోసా నోవా, గహూ, సూకూస్‌లలో మొదటి గది దగ్గర కలిసి, మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా కలవవు. కాలికి చిక్కకుండా చెయ్యి పక్కగదిలో పడే ఈ లక్షణం కర్ణాటక సంగీతం విన్నవారికి కొత్తేమీ కాదు. తాళం మొదలైన కాసేపటికి పల్లవి ఎత్తుకునే కీర్తనలు మన దగ్గర బోలెడు. ఆ ఎత్తుగడనే ఎడుపు అంటారు.

మెదడుకు ఇది ఎందుకు నచ్చుతుంది? మరియా విటెక్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో రకరకాల డ్రమ్ముల దరువులు వినిపించి, ఏది వింటే ఒళ్లు కదిలించాలనిపిస్తుందో శ్రోతలను అడిగారు. కాలి తాళానికి పూర్తిగా కట్టుబడిన దరువులూ, మరీ తప్పించుకుపోయే దరువులూ వెనకబడ్డాయి. మధ్యస్థంగా తప్పించుకునేవే అందరినీ లేపి నిలబెట్టాయి. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో మెదడు ముందే ఊహిస్తూ ఉంటుంది. ఆ ఊహ కాసేపు తప్పి, అంతలోనే నిజమవుతూ ఉంటే అది ఊరికే కూర్చోలేదు, ఖాళీగా ఉన్న చోట కాలితో దెబ్బ తానే వేస్తుంది.

ఇంతకీ ఖాళీల పంపకానికి ఏదైనా సూత్రం ఉందా? ఒకటి ఉంది. అది బడిపిల్లలకు తెలిసిందే. పదహారు రూపాయిబిళ్లల్ని ఐదుగురికి వీలైనంత సమానంగా పంచాలంటే తలా మూడు వస్తాయి, మిగిలిన ఒక్కటి ఎవరో ఒకరికి పోతుంది. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. ఇది బోసా నోవా. ఎనిమిది గదుల్లో మూడు గింజల్ని అలాగే పంచితే తకిట తకిట తక, ఐదు గింజలైతే తక త తక త తక. రెండూ క్యూబాలో నిత్యం వినపడేవే. మొదటిదాన్ని త్రెసిల్యో అనీ, రెండోదాన్ని సింకిల్యో అనీ అంటారు. గ.సా.భా. కనుక్కోవడానికి బడిలో చేసే యూక్లిడ్ భాగహారం ఉందే, అదే ఈ పంపకం చేసిపెడుతుంది.

ఈ సంగతి తేలిన తీరు కూడా చిత్రమే. అమెరికాలో న్యూట్రాన్లను పుట్టించే ఒక భారీ యంత్రానికి ఒక అవసరం వచ్చింది. నిర్ణీత సంఖ్యలో విద్యుత్ స్పందనలు నిర్ణీత కాలంలో వీలైనంత సమాన దూరంలో పడాలి. బ్యోర్క్‌లుండ్ అనే ఇంజినీరు అందుకు ఒక పద్ధతి రాశారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జ్యామితి మీద పనిచేస్తూ, దరువుల్ని కూడా చక్రాలుగా గీసి పరిశీలిస్తున్న గాడ్‌ఫ్రీడ్ టూసాన్ ఆ పద్ధతిని చూశారు. అది రెండువేల మూడొందల ఏళ్ల కిందటి యూక్లిడ్ భాగహారానికి మరో రూపమేననీ, దాన్నుంచి వచ్చే వరుసలు ప్రపంచమంతటా జనం వాయిస్తున్న దరువులేననీ 2005లో చూపించారు.

సోన్ మాత్రం ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. సమానంగా పంచితే చివరి గింజ 14లో ఉండాలి. సోన్ దాన్ని 13లో ఉంచి కాలి మీద కూర్చోబెడుతుంది. చుట్టంతా తప్పించుకు తిరిగిన చెయ్యి ఆఖరున ఇల్లు చేరినట్టుంటుంది. అంకెలు దరువును గుమ్మం దాకా తీసుకొస్తాయి, ఆ చివరి గది మనిషి చెవి ఎంచుకున్నది.

గదులు పదహారే ఉండాలని లేదు. పన్నెండు గదుల చక్రం గీసి ఏడు గింజల్ని సమానంగా పంచితే వచ్చేది ఇంకా ఆశ్చర్యం. ఘనా, టోగో ప్రాంతాల ఎవే ప్రజలకు 'గాన్‌కోగుయి' అనే జంట ఇనుప గంట ఉంది. కర్రతో దాన్ని వాయించే మనిషి ఆట మొదలైంది మొదలు ముగిసేదాకా ఒకే వరుసను తప్పకుండా మోగిస్తాడు: తక తక త తక తక తక త. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. గుమ్మడిబుర్రకు పూసలల్లిన గిలక, చిన్నా పెద్దా డోళ్లు, పాట, అడుగు, అన్నీ ఆ గంట చుట్టూ అల్లుకుంటాయి. ఇప్పుడు గంటను పక్కన పెట్టి, పన్నెండు గదుల్ని పన్నెండు స్వరస్థానాలు అనుకుంటే? రెండేసి మెట్లు, రెండేసి మెట్లు, ఒక మెట్టు, మళ్లీ రెండు, రెండు, రెండు, ఒకటి. అది ధీరశంకరాభరణం. హార్మోనియం మీద తెల్లమెట్లు వరుసగా నొక్కుకుంటూ పోతే వచ్చే అమరిక. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదిది. పన్నెండింటిలో ఏడింటిని వీలైనంత సమానంగా సర్దాలంటే, చక్రాన్ని ఎటు తిప్పినా అమరిక ఒక్కటే. ఒకరు కాలంలో సర్దారు, ఇంకొకరు శ్రుతిలో సర్దారు.

ఏడు గదులకైతే చక్రం గీయక్కర్లేదు, అటక మీది వామనగుంటల పీట దించితే సరి. ఒక్కో వరుసలో ఏడు గుంటలు. 1, 4, 6 గుంటల్లో గింజ వేస్తే తకిట తక తక, అదే మిశ్రచాపు. రెండు వరుసలూ కలిపితే రెండు ఆవృతాలు. మాసిడోనియాలో చేతులు పట్టుకుని వరుసగా ఆడే లెస్నోతో నృత్యం కూడా మూడు, రెండు, రెండు లెక్కలోనే అడుగులేస్తుంది. పొరుగున బల్గేరియా వారి రచెనిత్సాలో మూడు చివరకు వెళ్లి రెండు, రెండు, మూడు అవుతుంది. చక్రం అదే, మొదలుపెట్టే గుంట వేరు.

ఈ ఏడు లెక్క ఉత్తర అమెరికాలో పెరిగిన పెద్దలకు చాలా కష్టం. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన పరిశోధనల్లో బాల్కన్ జానపద బాణీల్ని వాడారు. బాణీలో దరువు చెడిపోయిన చోటును అక్కడి పెద్దలు తమకు అలవాటైన సమాన తాళాల్లోనే పట్టుకోగలిగారు, ఏడు లెక్కలో పట్టుకోలేకపోయారు. బల్గేరియా, మాసిడోనియాల నుంచి వచ్చి స్థిరపడినవారు రెండింటిలోనూ పట్టుకున్నారు. మరి ఉత్తర అమెరికాలోనే పుట్టిన ఆరు నెలల పసిపిల్లలు? వాళ్లు కూడా రెండింటిలోనూ తేడా గమనించారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు సన్నగిల్లుతోంది. ఆ వయసు పిల్లలకు రెండు వారాల పాటు ఇంట్లో బాల్కన్ పాటలు వినిపిస్తే తిరిగి వచ్చింది. పెద్దలకు అదే చికిత్స అంతగా పనిచేయలేదు. పసిచెవి ఏ లెక్కకైనా సిద్ధంగా పుడుతుంది, చుట్టూ వినపడేవి దాన్ని ఒక దారిలో పెడతాయి. ఉయ్యాల వయసులోనే ఐదూ ఏడూ చెవిన పడే ఇళ్లల్లోని పిల్లలు ఎంత అదృష్టవంతులో దీన్నిబట్టి తెలుస్తుంది.

దెబ్బ ఎక్కడ పడాలో తేలాక, ఏం మోగాలన్న ప్రశ్న మిగులుతుంది. చరిత్రలో దీనికి జవాబు చాలాసార్లు చేతికందిన వస్తువే. క్యూబాలో ఎండుచేపలు ప్యాక్ చేసిన చెక్కపెట్టెల మీద రుంబా వాయించారు. ట్రినిడాడ్‌లో 1880లలో బ్రిటిష్ పాలకులు చర్మవాద్యాల మీద ఆంక్షలు పెడితే జనం వెదురు గొట్టాల్ని నేలకేసి కొట్టి మోగించారు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బాలు వచ్చాయి, చివరకు ఖాళీ చమురు పీపాలు. పీపా అడుగును సుత్తితో గిన్నెలా గుంట చేసి, అందులో ఒక్కో స్వరానికి ఒక్కో బుడిపె తీర్చి చేసిన స్టీల్‌పాన్ ఇప్పుడు ఆ దేశపు జాతీయ వాద్యం.

చర్మానికి సొంత చిక్కు ఒకటుంది. బిగించిన గుండ్రటి పొరను కొడితే పుట్టే నాదాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తుల్లో ఉంటాయి. ఒకదానికొకటి పొసగవు కాబట్టి చాలా డోళ్లలో ఫలానా స్వరమని చెప్పలేని చప్పుడే వినపడుతుంది. మృదంగం కుడివైపున నల్లటి కరణి పూత ఆ నాదాల్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అనే నిండు అంకెల దగ్గరికి లాగుతుంది. నోబెల్ బహుమతికి పదేళ్ల ముందే, 1920లో, సి.వి. రామన్ శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించారు. అంతకు ఎన్నో తరాల ముందే, పూత పూసి ఎండబెట్టి, వాయించి, గీకి, మళ్లీ పూసిన పనివారి వేళ్లకు ఇది తెలుసు.

అరుగు మీది ఆటకు అంత నైపుణ్యం అక్కర్లేదు. బోర్లించిన ఇత్తడి బిందె కాలి తాళానికి, స్టీలు పళ్లెం గింజలకు, పెసలు పోసిన సీసా మధ్య ఖాళీలకు. ముగ్గురు పిల్లలుంటే ఒక మేళం. ఒకరి గింజలు లేని గదుల్లోనే ఇంకొకరు గింజలు పెట్టుకోవాలన్న ఒక్క నియమం చేరిస్తే, ఎవరి దరువు వారిదే అయినా ముగ్గురిదీ కలిసి ఒకే ప్రవాహంలా వినపడుతుంది. బాలి ద్వీపంలో గామెలాన్ వాద్యకారులు ఇద్దరేసి జతగా వేగమైన బాణీలు వాయించే కిటుకు దీనికి దగ్గరిదే.

వాద్యం అసలే లేకపోయినా ఫర్వాలేదు. అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ 1970లో ఘనా వెళ్లి ఎవే గురువు దగ్గర డోలు నేర్చుకున్నారు. రెండేళ్ల తర్వాత, 1972లో, ఇద్దరు మనుషుల అరచేతులకు మాత్రమే ఒక రచన చేశారు. దాని పేరే 'క్లాపింగ్ మ్యూజిక్'. పన్నెండు గదులు, ఎనిమిది గింజలు: మూడు చప్పట్లు, ఒక ఖాళీ, రెండు చప్పట్లు, ఒక ఖాళీ, ఒక చప్పట, ఒక ఖాళీ, రెండు చప్పట్లు, ఒక ఖాళీ. ఇద్దరూ దీన్నే కలిసి మొదలుపెడతారు. మొదటివారు చివరిదాకా మారరు. రెండోవారు కొన్ని ఆవృతాలకొకసారి ఒక గది ముందుకు జరుగుతారు.

అట్టముక్కతో రెండు చక్రాలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో గుండుసూది గుచ్చితే ఇది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. పైచక్రాన్ని ఒక గది తిప్పగానే రెండు వరుసలూ కలగాపులగమై, ఇద్దరిలో ఎవరూ వాయించని మూడో దరువు వినపడటం మొదలవుతుంది. ఇంకో గది తిప్పితే అది పోయి ఇంకొకటి. మొదట్లో రెండోవారికి ఆ జరుపు దగ్గర చెయ్యి తడబడుతుంది, ఎదుటివారి వరుస లాగేసుకుంటుంది, మళ్లీ మొదటికి రావాల్సివస్తుంది. పట్టు వదలకుండా పన్నెండు జరుపులూ దాటితే, పైచక్రం బయల్దేరిన చోటికే చేరుకుని, ఇద్దరి చప్పట్లూ మళ్లీ ఒక్కటిగా పడతాయి.