పెదతాత వదిలేసిన పని

పదో తరగతి పాసైన మా అబ్బాయి, "అమ్మా, వెల్డింగు నేర్చుకుని విశాఖలో ఓడల పనికి వెళ్తాను" అన్నాడు. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ పనికి మా ఇంట్లో ఒక పాత కథ ఉంది.

మా నాయనమ్మ అన్నగారు జలంత్రకోట నుంచి అక్కడికే కూలికి వెళ్ళాడట. ఏడాది తిరక్కుండానే ట్రంకుపెట్టెతో సోంపేట స్టేషన్లో దిగాడట. "బాంబులేసీసినార్రా" అంటూ మళ్ళీ ఊరి పొలిమేర దాటలేదు.

ఆ మాట నిజమే. సింధియా కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ మన ఓడలు మనమే కట్టుకోవాలని పట్టుబట్టారు. కలకత్తాలో అనుకున్న చోటు దొరక్కపోతే విశాఖను ఎంచుకున్నారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. పది నెలలైనా నిండకముందే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊళ్ళు పట్టి పోయారు. కార్ఖానా పనులూ చెదిరిపోయాయి. అప్పటికి ఒక్క ఓడా నీళ్ళలోకి దిగలేదు. అంతకు నెల ముందే రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బర్మాకు వలస వెళ్ళిన మనవాళ్ళు కట్టుబట్టలతో తిరిగొస్తున్న రోజులవి. ఆయన బెదిరిపోయాడంటే తప్పేముంది?

కానీ కథ అక్కడితో అయిపోలేదండీ! యుద్ధం ముగిశాక పని మళ్ళీ ఊపందుకుంది. 1948 మార్చి 14న నెహ్రూ గారు 'జల ఉష'ను నీళ్ళలోకి దింపారు. ఎనిమిది వేల టన్నుల ఓడ! 1952లో ప్రభుత్వం అందులో ప్రధాన వాటా తీసుకుని, హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టింది. అయినా విశాఖలో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు.

నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్న ఒక మాట అనేది: "మా అన్న పారొచ్చీసినాడు గానీ, సముద్రం ఎక్కడికీ పారిపోనేదు కదే!" చిన్నప్పుడు నవ్వేదాన్ని. అందులో ఎంత దిగులుందో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్క రోజు భయం ఒక మనిషిని బతుకంతా ఇంట్లోనే కూర్చోబెట్టింది.

ఉద్దానం పిల్లలు పనికోసం ఎంత దూరమో వెళ్తున్నారు. విశాఖ పక్కనే కదా! మా వాడి అప్లికేషన్ మీద వాళ్ళ నాన్న సంతకం పెట్టారు. పెన్ను అందించింది మాత్రం నేనే.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత భయం ఏదైనా ఉందా? పిల్లలకు దాన్ని సగమే చెప్పకండి. తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పండి.