పసి మెదడుకు ముప్పై పూటల కిరణ వైద్యం

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ తర్వాతి స్థానం మెదడు గడ్డలది. వాటిలో ప్రాణం మీదికి తెచ్చే రకాల్లో ముఖ్యమైనది మెడుల్లోబ్లాస్టోమా. తల వెనక, నడకను అదుపులో ఉంచే చిన్న మెదడులో ఇది పుడుతుంది. పెరిగేకొద్దీ మెదడులోని నీరు దిగే దారిని మూసేస్తుంది. దాంతో నిద్ర లేవగానే తలనొప్పి, వెంటనే వాంతి. వాంతయ్యాక తల తేలికపడి పిల్లలు మామూలుగా ఆటల్లో పడిపోతారు. కోనసీమలోని రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా ఇంట్లోవాళ్లు అది పైత్యమనో, నులిపురుగులనో అనుకోవడం సహజం. నడకలో తూలుడు, మెల్లకన్ను బయటపడేసరికి వారాలు గడిచిపోతాయి.

వైద్యంలో మొదటి మెట్టు ఆపరేషన్. గడ్డను వీలైనంత వరకు తీసేసినా, దాని కణాలు మెదడు నీటిలో కలిసి వెన్నుపాము వెంబడి దిగిపోయి ఉండవచ్చు. అవి కత్తికి అందవు. మెదడుకూ వెన్నంతటికీ కిరణాలు ఇస్తే పిల్లలు ఏళ్ల తరబడి బతుకుతారని మాంచెస్టర్ వైద్యురాలు ఈడిత్ పాటర్సన్ 1953లో ఫార్ అనే సహ రచయితతో కలిసి ప్రచురించిన వ్యాసంలో చూపించారు. అంతకుముందు ఈ జబ్బు నుంచి బయటపడినవారు చాలా అరుదు. ముప్పు తక్కువగా ఉన్న రకంలో, వైద్యం పూర్తిగా అందితే, నేడు పదిమందిలో ఏడెనిమిది మంది ఐదేళ్లు దాటుతున్నారు.

ఈ రకానికి ఇచ్చే మోతాదు ఇలా ఉంటుంది: మెదడు, వెన్ను మొత్తానికి 23.4 గ్రేలు (గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలమానం), ఆపై గడ్డ ఉన్న చోటికి మాత్రమే మరికొంత కలిపి 54 గ్రేలు. దీన్ని రోజుకు 1.8 గ్రేల చొప్పున 30 పూటలుగా పంచుతారు. వారానికి ఐదు రోజుల లెక్కన ఆరు వారాలు. కిరణం తాకిన మంచి కణాలు మర్నాటికి చాలావరకు కోలుకుంటాయి, గడ్డ కణాలు అంతగా కోలుకోలేవు. ఈ తేడా మీదే వైద్యమంతా ఆధారపడి ఉంది. మధ్యలో మానేస్తే ఆ వ్యవధిలో గడ్డ కణాలు మళ్లీ పుంజుకుంటాయి.

ఊళ్లలో దీన్ని కరెంటు పెట్టడం అంటారు. అందుకే షాకు కొడుతుందేమోనన్న భయం. నిజానికి పిల్లలకు నొప్పి తెలియదు. వేడినీటిలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిస్తే కొద్ది నిమిషాల్లో గట్టిపడి మాస్కు అవుతుంది. తల కదలకుండా అది పట్టి ఉంచుతుంది. గదిలో బిడ్డ ఒంటరిగా ఉండాలి, కన్నవాళ్లు బయట తెర మీద చూస్తూ మైకులో మాట్లాడవచ్చు. కదలకుండా ఉండలేని పసివాళ్లకు రోజూ మత్తు ఇస్తారు. యంత్రం ఆగాక ఒంట్లో కిరణాలు మిగలవు. తోబుట్టువులు పక్కనే పడుకోవచ్చు, అమ్మ ఎత్తుకోవచ్చు.

బతికించే ఈ కిరణమే పెరిగే ఒంటి మీద మచ్చ వేస్తుంది. జుట్టు రాలడం, వాంతులు చాలావరకు తాత్కాలికమే. ఎదుగుదల హార్మోను తగ్గడం, థైరాయిడ్ మందగించడం, చదువులో వెనకబడటం ఏళ్ల తర్వాత బయటపడతాయి. అందుకే మూడేళ్లలోపు వారికి వీలైతే కీమోతో నెట్టుకొస్తారు. వెన్నెముక ఒక పక్కకు వంగకుండా పూస మొత్తానికీ సమానంగా కిరణం పడేలా చూస్తారు. మోతాదును ఇంకా తగ్గించలేమా? అమెరికాలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలపై ఆ ప్రయత్నమూ జరిగింది. 23.4 బదులు 18 గ్రేలు ఇస్తే జబ్బు తిరగబెట్టడం పెరిగిందని 2021లో తేలింది. మరో రకమైన ప్రోటాన్ కిరణం మాత్రం నిర్ణీత లోతులో ఆగిపోతుంది కాబట్టి వెన్నుకు ముందున్న గుండె, పేగులు చాలావరకు తప్పించుకుంటాయి. చెన్నై అపోలోలో 2019 నుంచి ఈ వైద్యం ఉంది. అయితే అది దొరకలేదని మామూలు కిరణ వైద్యాన్ని ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే గడ్డను అణచడంలో రెండూ ఇంచుమించు సమానమే.

కోనసీమ కుటుంబానికి అసలు కష్టం ఆరు వారాల మకాం. కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖ, హైదరాబాద్... ఎటు వెళ్లినా రోజూ ఇంటికి వచ్చిపోవడం పసిబిడ్డతో అయ్యే పని కాదు. రావులపాలెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే, విశాఖ శివారు అగనంపూడిలో, టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గోదావరికి వరదొచ్చే నెలల్లో కాజ్‌వేలు మునిగి లంక గ్రామాలకు పడవలే దిక్కవుతాయి. కాబట్టి లంకల వాళ్లు వైద్యం మొదలుకాకముందే బస ఏర్పాటు చేసుకోవడం మేలు. ఆపరేషనయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల్లోపు కిరణాలు మొదలుపెట్టాలి. పుండు మానిందన్న ధైర్యంతో ఇంటి దగ్గరే ఉండిపోవడం పెద్ద ప్రమాదం.

వైద్యం ముగిసిన రోజున ఏ భాగానికి ఎన్ని గ్రేలు ఇచ్చారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. ఎత్తు కొలవడం, థైరాయిడ్ రక్తపరీక్ష వంటివి అమలాపురంలోనే చేయించుకోవచ్చు. చూసే డాక్టరు మారినప్పుడల్లా ముందు చూపించాల్సింది ఆ కాగితమే.