సముద్రం పక్కనే ఉంది గదా!

ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టాలని సరదా పుట్టిన నెల్లూరు వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది మైపాడు. పాతిక కిలోమీటర్ల దూరం, రెండు డ్రమ్ములు, ఒక ఆటో, అంతే గదా అనిపిస్తుంది. నీళ్ళు తెచ్చుకోవడం నిజంగానే అంత తేలిక. తెచ్చిన నీళ్ళను ఏడాది పొడవునా ఒకే తీరుగా నిలబెట్టడమే కష్టం. ఆ విద్యలో మాత్రం మనవాళ్ళకు కొత్తగా ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. సెలైనిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అంటూ రొయ్యల చెరువు గట్టు మీద తెల్లారేసరికి మొదలయ్యే మాటలే పగడాలు పెంచేవాళ్ళ నోటా రోజంతా ఆడుతుంటాయి. ఈ విశేషాల్లో సగం అందుకే చెరువు గట్టు నుంచి ఏరుకొచ్చినవి.

మన తీరంలో పగడాల దిబ్బలు ఎందుకు లేవు?

పగడం జంతువు. రాయిలా కనిపించేది అది కట్టుకున్న ఇల్లు. ఆ ఇంటికి పునాదిగా గట్టి నేల కావాలి, ఎండ అడుగుదాకా దిగే తేటనీళ్ళు కావాలి, ఉప్పదనం పెద్దగా మారకూడదు. నెల్లూరు తీరంలో ఈ మూడూ కుదరవు. అడుగంతా ఇసుక, బురద. పెన్నా, స్వర్ణముఖి వరదొస్తే ఒండ్రు వచ్చి పడుతుంది. అందుకే మన దేశంలో పేరున్న పగడాల దిబ్బలన్నీ మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లోనే ఉన్నాయి.

సముద్రంలో ఒక నది

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షాకాలమంతా బంగాళాఖాతంలో పోసిన మంచినీళ్ళు ఎటు పోతాయి? వానలు వెనకబట్టాక అక్టోబరు నుంచి తీరాన్ని అంటిపెట్టుకుని దక్షిణానికి దిగుతాయి. దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పున సాగే ఈ ఉప్పు తక్కువ పాయకు శాస్త్రవేత్తలు 'సముద్రంలో నది' అనే పేరు పెట్టారు. దాని జాడ తేల్చినవి ఖరీదైన ఓడలు కావు. తూర్పు తీరం పొడవునా జాలర్లు ఏళ్ళ తరబడి సీసాల్లో పట్టి ఇచ్చిన నీళ్ళను పరీక్షించి, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2014లో ఆ సంగతి ప్రచురించారు.

ఆ నది దారి మన ముంగిట్లోనే. సరిగ్గా అప్పుడే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్నా వరద కూడా కలుస్తాయి. కార్తీక మాసంలో బీచికి వెళ్ళామని అక్కడి నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకొస్తే పగడానికి కావలసిన 35 పీపీటీ ఉప్పదనం ఉండదు. పట్టాల్సింది వేసవిలో. అప్పుడైనా నేరుగా తొట్టిలో పోయకూడదు. హేచరీలవాళ్ళు ఎలా చేస్తారో చూడండి: నీళ్ళు తోడి పేరబెడతారు, ఇసుక ఫిల్టర్‌లో వడకడతారు, క్లోరిన్ కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచేస్తారు. ఆ తర్వాతే రొయ్యపిల్లను దాని దరిదాపులకు రానిస్తారు. ఇంట్లోనూ అదే వరస.

ఒక్క చుక్క జాతకం

రిఫ్రాక్టోమీటర్ తెలియని ఆక్వా రైతు ఉండడు. మూత ఎత్తి, గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత దించి, బుడగ లేకుండా చూసుకుని, వెలుతురు వైపు తిప్పి కన్ను పెడితే పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత దగ్గరున్న అంకే సెలైనిటీ. అయితే చౌకరకాల్లో చాలావాటిని సముద్రపు నీటికని కాకుండా వట్టి ఉప్పు ద్రావణానికి తగినట్టు గీతలు గీసి అమ్ముతారు. వాటిలో అసలు 35 ఉన్న సముద్రపు నీరు 36.5 దగ్గర కనిపిస్తుంది. చెరువులో రొయ్యకు ఈ ఒకటిన్నర లెక్కలోకి రాదు. తొట్టిలో పెరిగే పగడానికి వస్తుంది.

ఇసకపల్లి ఉప్పు తెచ్చి కలిపితే?

అల్లూరు మండలం ఇసకపల్లి ఉప్పుకు పేరు మోసిన ఊరు. సముద్రపు నీళ్ళతో పండిన ఉప్పే గనక, దాన్ని మంచినీళ్ళలో కలిపితే మళ్ళీ సముద్రమే అవ్వాలి గదా? కాదు. ఉప్పు మళ్ళలో నీరు చిక్కబడే కొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది, తర్వాత జిప్సం దిగుతుంది. ఉప్పు గడ్డకట్టేది ఆ తర్వాతే. మెగ్నీషియం చాలావరకు అడుగున మిగిలే చేదునీళ్ళలో ఉండిపోతుంది, ఆ నీళ్ళను బయటికి వదిలేస్తారు. అంటే ఉప్పు రైతు పనితనం ఎంత బాగుంటే, ఆ ఉప్పు సముద్రానికి అంత దూరం. పగడానికి లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన కాల్షియం, దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. అక్వేరియం ఉప్పు ప్యాకెట్ ధర చూసి గుండె గుభేలుమంటుంది కానీ, మనం డబ్బు పెట్టేది ఉప్పు మళ్ళు వదిలేసిన ఆ సరుక్కే.

ల్యాబులో ఒక అంకె, పుస్తకంలో ఇంకో అంకె

మన ఆక్వా ల్యాబుల్లో ఆల్కలినిటీ పీపీఎం లెక్కన చెబుతారు. పగడాల పుస్తకాలు డీకేహెచ్ అనే జర్మన్ కొలత వాడతాయి. ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం. సముద్రంలో 7 డీకేహెచ్ ఉంటే మన ల్యాబు చీటీలో 125 అని వస్తుంది. ఆ అంకె చూస్తే ఏ రైతైనా 'బాగానే ఉందే' అంటాడు.

జియోలైట్ చల్లితే పోతుందా?

కొత్త తొట్టిలో చేపలు చావడానికి మొదటి కారణం అమ్మోనియా. దాన్ని తినే సూక్ష్మజీవులు ఒకరకం, అవి మిగిల్చిన నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేవి ఇంకోరకం. ఈ రెండు దండులూ స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా తొట్టిని ఖాళీగా ఉంచడం ఇంట్లో పిల్లలకు నచ్చే పని కాదు. చెరువుల అలవాటున జియోలైట్ ఖనిజపు పొడి గుర్తొస్తుంది. మంచినీళ్ళలో అది అమ్మోనియాను పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో సోడియం ముందే వచ్చి ఆ చోటంతా ఆక్రమిస్తుంది, అమ్మోనియాకు సందు దొరకదు. బస్తాల కొద్దీ జియోలైట్ ఉప్పునీటి చెరువుల్లోకి పోతూనే ఉంది, అది వేరే సంగతి.

సున్నపు తేట

రాళ్ళ పగడాలు పెరిగే కొద్దీ నీళ్ళలో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ తరుగుతాయి. వాటిని తిరిగి నింపడానికి వాడే మందుల్లో పాతకాలపుది, చౌకైనది సున్నపు తేట. సున్నాన్ని నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట మాత్రం తీసుకోవాలి. లీటరుకు ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటుగా కరుగుతుంది, మిగిలింది అడుగున పడుతుంది. పగడాల తొట్టెలకు దీన్ని 1970లలో ప్రచారంలోకి తెచ్చినవాడు పీటర్ విల్కెన్స్.

తేటను పోసే వేళ కూడా చెరువు రైతుకు వెంటనే తలకెక్కుతుంది. చీకటి పడ్డాక నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడం ఆపేస్తుంది, ప్రాణులన్నీ దాన్ని వదులుతూనే ఉంటాయి, తెల్లవారుజాముకు పీహెచ్ అడుగంటుతుంది. సున్నపు తేట పీహెచ్ 12 పైనే. అందుకే రాత్రిపూట, చుక్కచుక్కగా, సెలైన్ గొట్టంతో దించుతారు. గ్లాసెత్తి ఒక్కసారి గుమ్మరిస్తే తెల్లారేసరికి తొట్టి పాలలా మారుతుంది, లోపలివి దక్కవు.

పులికాట్ సరస్సు అడుగున పూడిపోయిన గుల్లలను తవ్వి, కాల్చి గుల్లసున్నం చేసేవారని పాత నెల్లూరు జిల్లా వాళ్ళకు తెలుసు. ఆ గుల్ల, పగడం ఇల్లు, రెండూ కాల్షియం కార్బొనేట్‌తో కట్టినవే. అలాగని కిళ్ళీకొట్టు సున్నం తొట్టిలో వాడొద్దు. అందులో ఇంకేం కలిసిందో చెప్పేవాళ్ళు ఉండరు.

మే నెల పరీక్ష

పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. నీరు 30 దాటి రోజుల తరబడి ఉంటే, వాటి ఒంట్లో ఉండి అన్నం పెట్టే సూక్ష్మ నాచును వదులుకుని తెల్లగా పాలిపోతాయి. నెల్లూరు మే నెల సంగతి చెప్పేదేముంది! చౌకైన ఉపాయం నీటి మీదికి ఫ్యాను తిప్పడం. ఒక లీటరు నీరు ఆవిరవుతూ పట్టుకుపోయే వేడి, 100 లీటర్ల నీటిని దాదాపు 6 డిగ్రీలు దించగలదు. పొడి పడమటి గాలి ఆడేటప్పుడు ఈ ఉపాయం బాగా పారుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి తేమ పెరిగితే బలం తగ్గుతుంది. కోడూరు, మైపాడు లాంటి ఒడ్డు ఊళ్ళలోనైతే చిల్లర్ కొనక తప్పదు.

ఫ్యానుతో ఇంకో చిక్కుంది. పోయేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. 200 లీటర్ల తొట్టిలో రోజుకు నాలుగు లీటర్లు తగ్గుతున్నా పట్టించుకోకపోతే వారానికల్లా 35 కాస్తా 40 దాటుతుంది. నింపాల్సింది ఉప్పు కలపని నీళ్ళే. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు మన గొంతుకు సరే గానీ, టీడీఎస్ మీటర్ పెడితే సున్నా రాదు. ఆ మిగిలినదాంట్లో సిలికా ఉంటే అద్దం నిండా గోధుమరంగు జిడ్డు పడుతుంది. ఆర్‌ఓ తర్వాత రెజిన్ గొట్టం ఒకటి పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది.

ఎండుముక్క కూడా నేరమే

రాళ్ళ పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, అగ్ని పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పెద్దపులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. నీటిగుర్రాలు కూడా. రామేశ్వరం యాత్ర నుంచి జ్ఞాపకంగా తెచ్చుకునే తెల్లటి కొమ్మకూ ఈ చట్టం వర్తిస్తుంది. విదేశాల్లో తొట్టెల్లో పెంచిన రాళ్ళ పగడాలకైనా వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ కాగితాలు ఉండాల్సిందే. 2022 సవరణతో ఆ నిబంధనలు మన చట్టంలోకే వచ్చి చేరాయి. దుకాణంలో కాగితం అడిగితే నవ్వేవాడి దగ్గర ఏమీ కొనకపోవడం మంచిది. తొట్టిలో పేర్చే పగడపు రాళ్ళకు బదులు సిరామిక్, సిమెంటు దిమ్మెలు వాడుకోవచ్చు. సూక్ష్మజీవులకు రంధ్రాలుంటే చాలు.

యూటా నుంచి నెల్లూరుకు డబ్బా

మన హేచరీల్లో రొయ్యపిల్లకు పెట్టే ఆర్టీమియా గుడ్లలో పెద్దవాటా అమెరికాలోని యూటా రాష్ట్రం, గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. ఆవగింజ పక్కన కూడా కనపడనంత చిన్న ఎండుగుడ్లు. వెచ్చని ఉప్పునీళ్ళలో వేసి గాలి కొడితే ఒక్కరోజులో నారింజరంగు పిల్లలు ఈదుతుంటాయి. పగడాల తొట్టిలో చేపలకూ ఇది పరమాన్నమే. పిల్లలను వేరుచేయడానికి దీపం ఒకమూల పెడితే చాలు, వెలుతురు వైపు వాటంతట అవే గుమిగూడతాయి, గుడ్డు పెంకులు వెనక మిగిలిపోతాయి.

క్లౌన్ ఫిష్ పిల్లకు పుట్టగానే ఆర్టీమియా కూడా పెద్ద ముద్దే. దానికంటే సన్నని రోటిఫర్లు పెట్టాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే పలు రకాల క్లౌన్ చేపలను పుట్టించి పెంచింది. లక్షద్వీప్‌లోని అగట్టి దీవిలో స్థానిక మహిళలు వీటిని పెంచి అమ్ముతున్నారు. సముద్రంలో పట్టిన చేప కన్నా తొట్టిలో పుట్టిన చేప గట్టిది, మేతకు పేచీ పెట్టదు.

ఆడది పోతే

క్లౌన్ చేపల గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే దాని జతగాడైన మగచేప ఆడదిగా మారిపోతుంది. తర్వాతి వరసలోది మగ పెత్తనానికి వస్తుంది.

పౌర్ణమి లెక్క

అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య పొర విడుస్తుందని రైతులు మేత తగ్గిస్తారు. పగడాలదీ చంద్రుడి లెక్కే. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో వసంతకాలపు పౌర్ణమి దాటిన కొన్ని రాత్రులకు పగడాలు ఒక్కుమ్మడిగా గుడ్లు, బీజాలు నీళ్ళలోకి వదులుతాయి. దీన్ని మూసిన తొట్టిలో జరిపించడానికి లండన్ హార్నిమాన్ మ్యూజియం వాళ్ళు వేడిని, పగటి నిడివిని, వెన్నెలను కూడా లెక్క ప్రకారం లైట్లతో కృత్రిమంగా నడిపారు. ఆ పద్ధతిని 2017లో ప్రచురించారు.

రాగి వద్దు

చేపలకు తెల్ల మచ్చల జబ్బొస్తే రాగి మందు నయం చేస్తుంది. అదే మందు పగడాలకు, రొయ్యలకు విషం. కొత్త చేపను వేరే తొట్టిలో కొన్నాళ్ళు ఉంచి, మందు అక్కడే వెయ్యాలి. వనామీ తల్లి రొయ్యలు విదేశాల నుంచి దిగగానే చెన్నై దగ్గర నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఆగి రావడం లేదూ? 1990లలో తెల్లమచ్చ వైరస్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టడం కళ్ళారా చూసిన జిల్లాకు ఈ జాగ్రత్త ఎవరూ నేర్పక్కర్లేదు.

కరెంటు పోతే ముందు పోయేది

వెలుతురు లేకున్నా పగడాలు ఒకట్రెండు రోజులు ఓర్చుకుంటాయి. ఆక్సిజన్ మాత్రం గంటల్లో తరుగుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లా అంతా తడిసి ముద్దయింది. అలాంటి రాత్రికి ఇన్వర్టర్ మీద లైట్లు కాదు, నీటిని కదిలించే పంపు ఉండాలి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపైనా ఆ రాత్రి గట్టెక్కిస్తుంది. చెరువుల దగ్గర ఏరియేటర్ల కోసం డీజిల్ జనరేటర్ ఉంచేదీ ఇందుకే.

మద్రాసు ముందే చూపించింది

నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1909లో, మెరీనా ఒడ్డున సముద్రపు అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ చలవ అది. ఇక పగడాలను ఇంటి తొట్టిలో బతికించిన తొలితరం వాడు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రపు నీళ్ళు, సూక్ష్మజీవులున్న రాళ్ళు, గాలి బుడగలు తప్ప ఆయన ఇంకేమీ వాడలేదు. తన పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు.

నవరత్నాల పగడం ఎక్కడిది?

ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం ఈ పగడాలకు దూరపు చుట్టం మాత్రమే. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, ఎండ సరిగ్గా చొరని లోతుల్లో, చల్లని నీళ్ళలో పెరుగుతుంది. ఒంట్లో నాచు ఉండదు, దిబ్బలు కట్టదు. ఆ పగడాన్ని ఐరోపా నుంచి తెచ్చి అమ్మిన యూదు వర్తకుల పేరు మీద చెన్నై జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. వాళ్ళు పగడం ఇచ్చి ఇక్కడినుంచి పట్టుకెళ్ళినవి వజ్రాలు.