ఇంటి దొంగ

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. స్పైవేర్ అచ్చం అలాంటిదే. 2012 ఆగస్టు 15న సౌదీ ఆరామ్‌కో మీద షమూన్ వైరస్ దాడి చేసి దాదాపు 30 వేల కంప్యూటర్లని పాడుచేసింది. అది లోకమంతా తెలిసింది. స్పైవేర్ మాత్రం ఏదీ పాడుచేయదు. చప్పుడు లేకుండా కూర్చుని మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ ఎవరికో చేరవేస్తుంది.

ఇక్కడ సౌదీలో మనవాళ్ళ గదుల్లో చాలాచోట్ల అయిదారుగురికి ఒకటే కంప్యూటర్. సినిమాలు చూసేదీ, ఇంటికి డబ్బు పంపేదీ అందులోనే. ఒకరి క్లిక్కుతో అందరి పాస్‌వర్డులూ పోవచ్చు. పోయేది ఎండలో పనిచేసి కూడబెట్టిన జీతం.

ఈ దొంగ గోడ దూకి రావడం తక్కువ, మనమే తలుపు తీయడం ఎక్కువ. 2013లో ఇక్కడ వైబర్‌ని ఆపేశారు. నెట్ కాల్స్ మీద నిషేధాన్ని 2017 సెప్టెంబరులో సడలించారు. ఈలోగా పెళ్ళాంబిడ్డలతో మాట్లాడాలన్న ఆరాటంలో ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్‌లు ఎక్కించుకున్నవాళ్ళని ఎందరినో చూశాను. వీపీఎన్ వాడితే మన నెట్ రాకపోకలన్నీ దాని యజమాని సర్వర్ మీదుగానే వెళ్తాయి. ఆ యజమాని ఎవరో తెలియకపోతే ఎలా?

మా గదిలో మేం పాటించే పద్ధతులు ఇవీ:

రోజువారీ వాడకానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడం. ఒక్కొక్కరికీ ఒక మామూలు ఖాతా ఉంది. కొత్త ప్రోగ్రామ్ ఎక్కాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్కడ ఆగి ఆలోచిస్తాం.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ముట్టుకోం. ఏదైనా సరే తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే దింపుకుంటాం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోం. వెంట తగిలించిన టూల్‌బార్లకి ముందే టిక్కు పెట్టి ఉంటుంది, అది తీసేస్తాం.

'మీ కంప్యూటర్లో వైరస్ ఉంది' అని తెర మీదకి దూకే ప్రకటనలో ఎక్కడా నొక్కం, బ్రౌజర్‌నే మూసేస్తాం.

విండోస్ అప్‌డేట్లు వాయిదా వేయం.

బ్యాంకు పని ఎవరి ఫోన్‌లో వాళ్ళు చేసుకుంటాం, ఉమ్మడి కంప్యూటర్లో చేయం.

ఇప్పటికే అనుమానం ఉంటే ముందు నెట్ తీసేయండి. వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చండి. దాచుకోవలసిన ఫోటోలూ, కాగితాలూ కాపీ తీసుకుని విండోస్ కొత్తగా ఎక్కించండి. పాత కంప్యూటర్లోనే పాస్‌వర్డ్ మారిస్తే, కొత్త తాళంచెవి కూడా దొంగ చేతిలో పెట్టినట్టే.

యాంటీవైరస్ ఉండాల్సిందే. కానీ మనమే 'సరే' అని నొక్కి లోపలికి పిలిచినవాణ్ణి కాపలావాడు ప్రతిసారీ ఆపలేడు.